రక్తమునందలి తూనిక

గడచిన వేసవిలో మేమొక బంధువుల యింటికి పోయియుంటిమి. ఆ యింటి యజమాని వంటయింటి గోడకు బిగించిన యొక క్రొత్త యంత్రమును మాకు జూపి, అది మంచినీటిని క్షారజలముగా మార్చునని సంతోషముతో జెప్పెను. "బావగారూ, మన రక్తము పులియుటచేతనే గదా యిన్ని రోగములు! ఈ నీరు త్రాగినచో ఆ పులుపు విరిగిపోవును" అని ఆయన నమ్మకము. ఆ యంత్రము వెల మా రెండు నెలల జీతమునకు తక్కువ గాదు.

ఆ వారముననే, ఆ వీథిలోనే, మఱియొక సంగతి జరిగెను. రెండేండ్ల పసివానికి తెల్లవాఱినది మొదలు నీళ్ల విరేచనము లగుచుండెను. వాని నాయనమ్మ వానిని తన ప్రాణమువలె జూచుకొను మనిషి. ఆమెయే వానికి నీటిచుక్క పోయనీయలేదు. నీరు పోసినకొలది విరేచనములు హెచ్చునని ఆమె తన పెద్దలవలన విన్నమాట. తల్లి పట్టభద్రురాలు, అయినను అత్తగారి మాట కెదురాడలేకపోయెను. సాయంకాలమునకు పిల్లవాని కన్నులు లోతునకు పోయెను. కడుపుమీది చర్మమును వ్రేళ్లతో పట్టి విడిచినచో ఆ ముడుత వెంటనే విడలేదు. శ్వాస వడిగా, లోతుగా నడచుచుండెను. ఆ వీథి ఆశా కార్యకర్త వచ్చి ఒక పొట్లములోని పొడిని లీటరు నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగించుచునే బిడ్డను ఆసుపత్రికి చేర్పించెను. బిడ్డ దక్కెను.

ఒకచోట అక్కఱలేని నీటికై వేలకొలది రూపాయలు పోయినవి. ఒకచోట కావలసిన నీరు బిడ్డకు దక్కక ప్రాణము మీదికి వచ్చినది. ఈ రెండు పొరపాట్లకును మూలమొక్కటియే. మన దేహము ఆమ్లక్షారముల తూనికను తానెట్లు నిలుపుకొనుచున్నదో, ఆ తూనిక యెప్పుడు చెడునో మనము తెలిసికొనకపోవుటయే ఆ మూలము. ఈ యెఱుక మానవజాతికి ఒక్కనాట గలిగినది గాదు. రెండు మహమ్మారులు, ఒకటి వాంతిభేది, మఱియొకటి పోలియో, మనకు దీనిని నేర్పినవి. నేర్చినదానిని మఱచి, మఱల నేర్చుటలో అనేకుల ప్రాణములు పోయినవి. ఆ కథను చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

క్షారమను మాట మనకు క్రొత్తది గాదు. సుశ్రుతసంహితయందలి సూత్రస్థానమున క్షారమును వండు విధానమునకై యొక యధ్యాయమే కలదు. కొన్ని చెట్లను కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి, వడగట్టి మరగించి వైద్యులు క్షారమును సిద్ధము చేసికొనుచుండిరి. క్షారముచే కాలినచోట పులుసు ద్రవ్యమును పోసి చల్లార్చవలెనని యందు చెప్పబడినది. పులుపు వేడిస్వభావము గలది గదా, నిప్పువంటి క్షారమును అదెట్లు చల్లార్చునను ప్రశ్నయు నందే యున్నది. పులుపుతో కూడిన క్షారము తన తీక్ష్ణతను విడిచి మాధుర్యమును పొందునని దానికి సమాధానము. ఆమ్లమును క్షారమును కలిసినచో రెండింటి తీక్ష్ణతయు పోవునను సంగతి మన ప్రాచీనులు కంటితో చూచి వ్రాసినదే. ఐరోపాలో రాబర్ట్ బాయిల్ 1664లో ప్రకటించిన గ్రంథమున వయొలెట్ పూల పానకము ఆమ్లము సోకినచో ఎఱ్ఱబడుననియు, క్షారము సోకినచో పచ్చబడుననియు వ్రాసెను. నేడు మా పాఠశాలలో పిల్లలు లిట్మసు కాగితముతో చేయు పరీక్షకు అదియే తాత.

కాని యీ రెండును దేహమునకు వెలుపలి సంగతులు. బ్రతికియున్న మనుష్యుని రక్తములో క్షార మెంత యుండవలెను, అది తగ్గినచో ఏమగును అను ప్రశ్నను మొట్టమొదట మనుష్యుల ముందర నిలిపినది వాంతిభేది.

1817లో బెంగాలునుండి బయలుదేరి దేశదేశములు తిరిగిన ఆ వ్యాధి, రెండవమాఱు విజృంభించినప్పుడు, 1831 అక్టోబరులో ఇంగ్లాండులోని సండర్లాండు రేవును చేరెను. ఎడిన్‌బరోలో చదివి పట్టము పొందిన విలియం బ్రూక్ ఓషానెస్సీ అను ఐరిష్ యువకుడు అచ్చటికి పోయి రోగుల రక్తమును రసాయనపరీక్ష చేసెను. అప్పటి కాతని వయస్సు ఇరువదిరెండేండ్లు. రక్తము తన నీటిలో పెద్దభాగమును గోల్పోయినదనియు, అందలి లవణములు మిక్కిలి తగ్గినవనియు, స్వేచ్ఛగా నుండవలసిన క్షారము కొందఱి రక్తమున లేశమైనను లేదనియు ఆతడు కనుగొనెను. ఆ డిసెంబరులోనే యీ సంగతిని లాన్సెట్ పత్రికకు వ్రాసెను. పోయినదానిని మఱల రక్తమునకు చేర్చవలెనని ఆతని సూచన. ఆ కాలమున వైద్యులు వాంతిభేది రోగికి చేయుచుండిన చికిత్స యేమనగా, నరము కోసి ఉన్న రక్తమును గూడ తీసివేయుట! ఎండిన చెరువునకు గండి కొట్టుటవంటి చికిత్స యది.

ఓషానెస్సీ వ్రాతను చదివి, ఎడిన్‌బరోకు చేరువనున్న లీత్ రేవులోని వైద్యుడు థామస్ లాటా 1832 మే నెలలో ఆ సూచనను ఆచరణలో పెట్టెను. నీటిలో ఉప్పును, కొంచెము సోడాను కరగించి, వెండి గొట్టముతో రోగి సిరలోనికి ఎక్కించెను. మొదటి రోగి యొక వృద్ధురాలు. ఆమె చల్లబడి, నాడి యందక, చావునకు సిద్ధముగా నుండెను. లాటా ఒక్కొక్క ఔన్సుగా ద్రవమును పంపుచు, మూడు లీటర్లకు పైగా ఎక్కించునప్పటికి ఆమె కన్నులలో కళ వచ్చెను, ఒడలు వెచ్చబడెను, గట్టిగొంతుతో మాటాడెను. గండము గడచినదని తలచి లాటా ఆమెను ఆసుపత్రి వైద్యున కప్పగించి వెడలిపోయెను. కొంతసేపటికి వాంతులును విరేచనములును మఱల మొదలయ్యెను. రెండవమాఱు ద్రవము నెక్కించినవారు లేరు. అయిదున్నర గంటలలో ఆమె మరణించెను. మఱల ఎక్కించియుండినచో ఆమె బ్రతికియుండునని లాటా నమ్మెను. ఆ తరువాతి రోగులలో కొందఱు నిజముగనే బ్రతికిరి.

ఇంతటి విద్య చేతికి వచ్చి గూడ నిలువలేదు. లాటా 1833లో క్షయవ్యాధితో చనిపోయెను. ఓషానెస్సీ ఆ సంవత్సరమే కుంఫిణీ కొలువులో కలకత్తా చేరి, వైద్యకళాశాలలో రసాయనశాస్త్రము బోధించెను. పిమ్మట మన దేశమున తంతితపాలా తీగెలను నాటించి దానితోనే ప్రసిద్ధుడయ్యెను. అతడు మొదట కనుగొన్న సంగతిని లోకము మఱచెను. దీనికి కారణములు లేకపోలేదు. అప్పటివారికి సూక్ష్మజీవుల సంగతి తెలియదు. కాచని నీటిని సిర కెక్కించుటచే కొందఱు వేఱు దోషముచే చనిపోయిరి. చావు ఖాయమనుకొన్న వారికే యీ చికిత్స చేయుటచే చచ్చినవారి సంఖ్యయే పెద్దదిగా కన్పట్టెను. వీటన్నిటికంటె పెద్ద కారణ మొకటి కలదు. క్షార మెందుకు పోవుచున్నది, దానికి ప్రాణముతో సంబంధ మేమి యని చెప్పగల శాస్త్రము అప్పటికి పుట్టలేదు. కారణము తెలియని మంచిపని నాలుగు దినములకే మూలపడును.

ఆ శాస్త్రము ఒక కుందేటి మూత్రమునుండి మొలకెత్తినదనిన చదువరులు నవ్వవచ్చును. ఫ్రాన్సు దేశపు క్లాడ్ బెర్నార్డ్ తన పరిశోధనశాలకు అంగడినుండి వచ్చిన కుందేళ్ల మూత్రము తేటగా, ఆమ్లముగా నుండుట జూచెను. గడ్డి తిను జంతువుల మూత్రము కలకగా, క్షారముగా నుండవలెను గదా! ఆలోచింపగా, ఆ కుందేళ్లకు కొంతకాలము మేత లేదనియు, ఆకలిగొన్న జంతువు తన మాంసమును తానే తినుచున్నట్లగుటచే దాని మూత్రము మాంసాహారి మూత్రమువలె మాఱినదనియు ఆయనకు తోచెను. గడ్డి పెట్టి చూచెను, మఱల పస్తు పెట్టి చూచెను, ఊహ నిజమయ్యెను. ఇందలి విశేషమేమి? తిండి మాఱినప్పుడు మాఱునది మూత్రము. రక్తము మాఱకుండుటకై మూత్రము మాఱుచున్నదను జ్ఞానమునకు ఇట్టి పరిశీలనలే దారి తీసినవి. బయటి లోక మెట్లు మాఱినను దేహములోని ద్రవములు స్థిరముగా నుండుటయే స్వతంత్ర జీవనమునకు ఆధారమని బెర్నార్డు బోధించెను.

1874లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్, మధుమేహము ముదిరి స్పృహ దప్పిన రోగులు లోతుగా, ఆయాసముతో శ్వాసించుట గుర్తించి వర్ణించెను. వారి ఊపిరితిత్తులలో దోషము లేదు; మఱి యా యాయాస మెందులకు? 1877లో ఫ్రీడ్రిక్ వాల్టర్ అనునతడు కుందేళ్లకు పలుచని ఆమ్లమును పట్టించి చూచెను. అవియు అట్లే లోతుగా శ్వాసించి, సోలిపోయెను. రక్తములోని బొగ్గుపులుసు వాయువు మిక్కిలి తగ్గిపోయెను. చావబోవుచున్న కుందేటికి సోడాద్రవమును సిర కెక్కించగా అది తెప్పఱిల్లెను. లాటా చేసినదానికి నలుబదియైదేండ్ల తరువాత దానికొక కారణము చిక్కినది. రక్తములో ఆమ్లము పెరిగినచో దేహము ఊపిరిద్వారమున దానిని వదలించుకొన జూచును. 1905లో ఇంగ్లాండులో హాల్డేన్, ప్రీస్ట్లీ అను నిద్దఱు, ఊపిరితిత్తులలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు నూటికి 0.2 పాళ్లు పెరిగినంతనే శ్వాస రెట్టింపగునని చూపిరి. మనము ప్రాణవాయువుకొఱకే ఊపిరి పీల్చుచున్నామని తలంతుము; ఊపిరి వేగమును నిముసనిముసమును నిర్ణయించునది ముఖ్యముగా విడువవలసిన వాయువే.

ఇక తూచుటకు తక్కెడ కావలెను. 1909లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో, కార్ల్స్‌బర్గ్ అను బీరు కర్మాగారపు పరిశోధనశాలలో, సోరెన్సెన్ అను రసాయనవేత్త పిహెచ్ అను కొలమానమును కల్పించెను. ఏడు అనునది శుద్ధజలము. దానికి తక్కువైనది ఆమ్లము, ఎక్కువైనది క్షారము. ఒక్కొక్క మెట్టునకు పదిరెట్లు భేదము. మన రక్తము 7.35కు 7.45కు నడుమ నుండును. అనగా రక్తము ఎప్పుడును కొంచెము క్షారముగనే యున్నది. మా బంధువు చెప్పినట్లు "పులిసిన రక్తము"తో మనుష్యుడు వీథిలో తిరుగలేడు, 6.8కు దిగినచో సాధారణముగా ప్రాణము నిలువదు. ఈ తూనిక యెంత సూక్ష్మమో చూడుడు. లీటరు రక్తరసములో సోడియ మెంత యున్నదో, ఆమ్లమునకు కారణమైన ఉదజని కణములు అందులో సుమారు 35 లక్షలవ వంతు మాత్రమే యుండును. అంత కొంచెపు పదార్థము రెట్టింపైనను ప్రాణాపాయము కలుగును.

ఈ సూక్ష్మమైన తూనికను నిలుపుచున్నదేమి? అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున లారెన్స్ హెండర్సన్ 1908లో దీనికి సమాధానము గణితరూపమున చెప్పెను. కోపెన్‌హాగన్ వైద్యుడు హాసెల్‌బాల్క్ 1916లో దానిని సోరెన్సెన్ కొలమానముతో కలిపెను. నేటికిని వైద్యవిద్యార్థులు వారిద్దఱి పేరిటి సమీకరణమునే చదువుచున్నారు. గణితమును విడిచి, మన యూరి చెరువును తలంచుకొన్నచో ఆ సంగతి బోధపడును.

వానకాలమున ఏళ్లన్నియు చెరువులో పడుచుండును. అయినను నీటిమట్టము ఇంచుమించు ఒక్కటిగనే యుండును. దీనికి మూడు కారణములు. చెరువు విశాలమైనది, కొంత నీరు వచ్చినంతమాత్రమున మట్టము చప్పున పెరుగదు. మట్టము దాటినచో అలుగు పొరలి నీరు వెంటనే పోవును. తూములు తీయుటచేతను మూయుటచేతను రైతులు మెల్లగా దానిని సవరించుచుందురు. రక్తమునకును ఈ మూడును గలవు. అందు కరగియున్న బైకార్బనేటు, రక్తములోని మాంసకృత్తులు మొదలగునవి వచ్చిన ఆమ్లమును క్షణములో తమలో నిముడ్చుకొనును, వీనినే బఫరులందురు. ఊపిరితిత్తులు అలుగువంటివి; అవి నిముసములలో పనిచేయును. మూత్రపిండములు తూములు, వాటి పని పూర్తియగుటకు దినములు పట్టును.

ఈ పని యెంతటిదో లెక్కలు చెప్పును. మన దేహము తిండిని మండించుటచే దినమునకు అరకిలోకు పైగా బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది యంతయు ఊపిరితో పోవును. మాంసకృత్తులు మొదలగువానినుండి పుట్టి ఊపిరితో పోలేని ఆమ్లము దినమునకు సుమారు 70 మిల్లీమోలులు. దానిని మూత్రపిండములే బయటికి పంపవలెను. అంతేగాక, అవి దినమున కిరువదినాలుగు గంటలలో 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు జారిపోయిన బైకార్బనేటును, ఇంచుమించు 4,300 మిల్లీమోలులను, మఱల రక్తమునకు చేర్చును. ఆమ్లమును మూత్రములో మోసికొనిపోవు పడవలు రెండు; ఒకటి అమ్మోనియా, రెండవది ఫాస్ఫేటు. ఈ ఫాస్ఫేటును సులభముగా కొలుచు పద్ధతిని 1925లో హార్వర్డున ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆ పద్ధతి వారిద్దఱి పేరిట లోకమంతట పరిశోధనశాలలలో వాడుకలోనికి వచ్చినది.

కాబట్టి స్థిరత్వమనగా కదలక నిలుచుట గాదు. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు, విడుచుటయు ఒక్క నిముసము ఆగక జరుగుటయే యా స్థిరత్వము.

శాస్త్రము పుట్టిన పిమ్మట వైద్యులు మఱల వాంతిభేది దగ్గఱకు వచ్చిరి. 1908 ప్రాంతమున కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ ఉప్పు ఎక్కువగా కలిపిన ద్రవమును సిరలోనికి ఎక్కించి, నూటికి సుమారు అఱువదిగా నుండిన చావులను ముప్పదికి దింపెను. 1910లో మనీలాలో సెల్లార్డ్స్ అను వైద్యుడు ఈ రోగుల కెంత సోడా ఇచ్చినను మూత్రము క్షారముగా మాఱకుండుట గుర్తించెను. వారి దేహమున క్షారము అంతగా తఱిగిపోయినదన్నమాట. కారణము స్పష్టము. మన ప్రేవులలోని ద్రవము బైకార్బనేటుతో కూడినది. విరేచనమునందు పోవునది వట్టి నీరు గాదు; నీటితో ఉప్పును, క్షారమును గూడ పోవును. పోయినకొలది రక్తము ఆమ్లమువైపు మొగ్గును. దానిని సవరించుటకై ఊపిరి లోతగును. మా వీథిలోని బిడ్డ శ్వాస అట్లు నడచుటకు కారణమిదియే. ఎనుబదేండ్లకు ముందు ఓషానెస్సీ చెప్పిన మాట యక్షరాల నిజమయ్యెను.

ఇంత తెలిసిన తరువాత గూడ, ఒక అంకెను తప్పుగా చదువుటచే వైద్యులు పొరబడిన సందర్భ మొకటి 1952లో వచ్చినది. అదియు కోపెన్‌హాగన్‌లోనే, సోరెన్సెన్ పిహెచ్‌ను, హాసెల్‌బాల్క్ సమీకరణమును కల్పించిన యూరిలోనే. ఆ వేసవిలో పోలియో చెలరేగి, శ్వాసకండరములు చచ్చుబడిన పిల్లలును పెద్దలును బ్లెగ్‌డాం ఆసుపత్రికి రాసాగిరి. ఊపిరాడించు యంత్రములు అచ్చట ఏడు మాత్రమే యుండెను. మొదటి వారములలో యంత్రములతో చికిత్స పొందిన 31 మందిలో 27 గురు మూడు దినములలోపల మరణించిరి. రోగుల రక్తమున మొత్తము బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా నుండెను. అందధికభాగము బైకార్బనేటు గనుక, ఇది క్షారము పెరిగిన లక్షణమని వైద్యులు తలంచిరి. క్షార మెందుకు పెరిగినదో యెవరికిని తెలియలేదు.

అప్పుడు పిలువబడిన మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ అదే యంకెను చూచి వేఱొక మాట చెప్పెను. ఇది క్షారము పెరుగుట గాదు. ఊపిరి చాలక బొగ్గుపులుసు వాయువు లోపల నిలిచిపోయినది. రోగులు ఆమ్లముతో చచ్చుచున్నారు. అలుగు మూసికొనిపోయిన చెరువును చూచి, పైవారు వానలెక్కువైనవని తలంచిరి! 1952 ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికకు గొంతునందు రంధ్రము చేసి, గొట్టము నమర్చి, రబ్బరుసంచిని చేతితో పిసికి ఇబ్సెన్ ఆమెకు ఊపిరి పోసెను. పెరిగిన వాయువు తగ్గెను, బాలిక బ్రతికెను. ఆసుపత్రి పరిశోధనశాలాధిపతి పౌల్ ఆస్ట్రప్ పిహెచ్‌ను నేరుగా కొలిచి ఇబ్సెన్ మాటయే నిజమని నిరూపించెను.

కాని అన్ని యంత్రము లెచ్చటనుండి వచ్చును? ఒక సమయమున ఏకకాలమున డెబ్బదిమందికి ఊపిరి పోయవలసివచ్చెను. వైద్యవిద్యార్థులును దంతవైద్యవిద్యార్థులును, మొత్తము సుమారు 1,500 మంది, వంతులవారీగా రోగుల ప్రక్కన గూర్చుండి రాత్రింబవళ్లు సంచులను పిసికిరి. ఆ సేవ 1,65,000 గంటలని లెక్క. నూటికి 87గా నుండిన చావులు సుమారు నలుబదికి దిగెను. నేటి ఆసుపత్రులలోని అత్యవసర చికిత్సావిభాగములకును, కొన్ని చుక్కల రక్తముతో నిముసములలో ఆమ్లక్షారములను తూచు యంత్రములకును మూలము ఆ విద్యార్థుల చేతులలోని సంచియే.

కడపటి ఘట్టము మన దేశముననే జరిగినది. 1960 ప్రాంతమున రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు ప్రేవులలో చక్కెర రక్తమునకు చేరునప్పుడు ఉప్పులోని సోడియమును వెంట తీసికొనిపోవునని ప్రతిపాదించెను. ఆ రెంటివెంట నీరును పోవును. విరేచనము లగుచుండగా గూడ ఈ మార్గము మూతపడదు. కలకత్తాలో హేమేంద్రనాథ ఛటర్జీ 1953లోనే నోటిద్వారా ద్రవమిచ్చి 186 గురు వాంతిభేది రోగులకు చికిత్స చేసినట్లు ప్రకటించియుండెను; 1968లో ఢాకాలో నలిన్, క్యాష్ అను వైద్యులు చక్కెరయు ఉప్పును కలిసిన ద్రవము పనిచేయుటను క్రమపరీక్షచే నిరూపించిరి.

1971లో తూర్పు పాకిస్తాను యుద్ధమువలన లక్షలకొలది కాందిశీకులు బెంగాలు సరిహద్దు దాటి వచ్చిరి. బన్‌గావ్ శిబిరమున వాంతిభేది వ్యాపించెను. అచ్చటికి పోయిన వైద్యుడు దిలీప్ మహాలనబీస్‌కు సిర కెక్కించు ద్రవము త్వరలోనే చాలకపోవునని తెలిసెను. ఆయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొడిని కలకత్తాలో పొట్లములు కట్టించి తెప్పించెను. పీపాలలో కలిపి, కప్పులతో త్రాగించు పనిని రోగుల తల్లులకు, అన్నలకు, అక్కలకు అప్పగించెను. శిక్షణ లేనివారి చేతిలో వైద్యమా యని శంకించినవారు లేకపోలేదు. కాని నూటికి ముప్పదిగా నుండిన చావులు 3.6కు దిగెను. 1978లో లాన్సెట్ పత్రిక యీ సూత్రమును ఆ శతాబ్దపు వైద్యములో మిక్కిలి ముఖ్యమైనది కాగలదని పొగడెను. ఆ పత్రికకే 1831లో ఓషానెస్సీ తన జాబు వ్రాసియుండెను!

లాటా ద్రవములోని సోడాయు, మహాలనబీస్ పొట్లములోని వంటసోడాయు ఒక్క పనికి వచ్చినవే. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లములలో సోడాకు బదులు, ఎక్కువకాలము చెడక నిలుచు సిట్రేటు నుంచుదురు. దేహములో అదియు బైకార్బనేటుగనే మాఱును. లీత్‌లో వైద్యుని చేతిలో మాత్రమే యుండిన విద్య, కోపెన్‌హాగన్‌లో విద్యార్థుల చేతికి వచ్చి, బన్‌గావ్‌లో తల్లుల చేతికి చేరినది. ఒక ముసలమ్మకు రెండవమాఱు ద్రవమిచ్చువారు లేక పోయిన ప్రాణమునకును, శిబిరమున ప్రక్కన గూర్చుండి కప్పుతర్వాత కప్పు త్రాగించిన తల్లికిని నడుమ 139 ఏండ్లు గడచినవి.

ఇప్పుడు మొదటి రెండిండ్లకు తిరిగివత్తము. మా బంధువునకు మేము చెప్పిన దిది. మీరు త్రాగిన క్షారజలమునకు మొట్టమొదట ఎదురగునది పొట్టలోని తీవ్రమైన ఆమ్లము. దానిని దాటి కొంత క్షారము రక్తమునకు చేరినను, ఆరోగ్యముగా నున్న ఊపిరితిత్తులును మూత్రపిండములును దానిని సరిదిద్దును. మాఱునది మీ మూత్రమే, రక్తము గాదు. మూత్రపిండములు చెడినవారికి వైద్యులు సోడామాత్రల నిచ్చుట కలదు. అది రక్తమును పరీక్షించి చేయు చికిత్స, గోడకు తగిలించుకొను వేడుక గాదు. ఆయన నవ్వి యూరకుండెను. యంత్ర మింకను గోడమీదనే యున్నది.

ఆ నాయనమ్మగారికి చెప్పుట యింతకంటె కష్టమని మేమనుకొంటిమి. కాని యామె మా మాట విని, "అయితే నేను వానికి నీళ్లు కాదు నాయనా, ప్రాణమే ఆపితినన్నమాట" అని కంట నీరు పెట్టుకొనెను. ఆమె తప్పు ప్రేమలేమి గాదు. తెలిసినవారము ఆమె గడప దాక పోకపోవుటయే. విరేచనము లగుచున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును చెప్పిన కొలత నీటిలో కలిపి చెంచాతో పోయుచుండవలెను. పొట్లము దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటికి సమముగా కొలిచిన ఆఱు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును చాలును. ఉప్పు మాత్రము మీఱరాదు. తల్లిపాలును తిండియు మానరాదు. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకపోయినను, మలమున రక్తము పడినను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

ఆరోగ్యమున్నంతకాలము మన తూనికను మన దేహమే పట్టుకొనియుండును. దానికి మన సాయ మక్కఱలేదు. అది చేజారిన నాడు మాత్రము పోయినదానిని వెంటనే, మఱల మఱల, తిరిగి యీయవలెను. ఈ మాట మన పట్టభద్రులైన కోడండ్రకు తెలియును. ఇకమీద వారు దానిని అత్తగారియెదుట గౌరవముతోనే, కాని గట్టిగా చెప్పుట నేర్చుకొందురు గాక.